సోలార్ ఇల్లు సరే, కొత్త కాపురానికి గది ఏదండీ?

పోయిన రోహిణి కార్తెలో సోలార్ పథకం గురించి చెప్పడానికి గోదారి గట్టు అవతల ఒక ఊరెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. డాబా ఇల్లు, ముందర రేకుల వసారా, లోపల హాలు, రెండు గదులు. హాల్లో ఫ్యాను తిరుగుతుంది గానీ కొట్టేది వేడిగాలే. ఇంటావిడ మజ్జిగిచ్చి కూర్చోబెట్టారు. ఏసీ ఉందా అమ్మా అనడిగితే ఆవిడ నవ్వి, "ఒకటే ఉందండి, మా గదిలో. రాత్రయ్యేసరికి ఆరుగురం అందులోనే పడుకుంటామండి. రెండోది పెట్టిత్తే బిల్లు ఎవరు కడతారు?" అన్నారు.

ఆరుగురంటే ఆవిడ, భర్త, ముసలి అత్తగారు, డిగ్రీ చదివే కూతురు, కొడుకు, కోడలు. కొడుక్కి పెళ్ళై నాలుగు నెలలు. రెండో గది వాళ్ళదే. కానీ పడమటి గోడ, పైన ఉత్త స్లాబు. రాత్రి పన్నెండైనా గోడ మీద చెయ్యి పెడితే పెనంలా ఉంటాదట. అందుకని వాళ్ళూ చాపేసుకుని పెద్దోళ్ళ గదిలోకే వచ్చేశారు. ఈ మాట ఆవిడ మామూలుగానే చెప్పారు. గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు మాత్రం తలొంచుకుంది. కొడుకు ఫోనులోంచి మొహం పైకెత్తలేదు.

నేను కరపత్రంలో ఉన్న యూనిట్లు, సబ్సిడీ, వాయిదాలు గడగడా చెప్పేసి వచ్చేశాను. దారంతా ఆ అమ్మాయి తలొంచుకోవడమే గుర్తొచ్చింది. సోలార్ ఇల్లంటే మనం కరెంటు బిల్లు గురించే మాట్టాడతాం. ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరితో ఎవరు నాలుగు మాటలు చెప్పుకోగలరు అనేది కూడా ఆ బిల్లు మీదే ఆధారపడి ఉందని ఎవరూ అనరు. సిగ్గు. ఈ వ్యాసం ఆ సిగ్గు గురించీ, ఆ బిల్లు గురించీ.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండిటికీ ఖర్చు గురించే ఆ సామెత వాడతాం. అసలు ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ఎలా కూచున్నాయో చూడాలి ముందు.

ప్రేమ అనేది మన సినిమాలు కనిపెట్టిందనీ, పడమటి దేశాల్నించి దిగుమతైందనీ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1992లో విలియం జాన్కోవియాక్, ఎడ్వర్డ్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలో 166 సంస్కృతుల గురించి రాసి పెట్టి ఉన్నదంతా వెతికారు. 147 చోట్ల శృంగార ప్రేమకి ఆనవాళ్ళు కనపడ్డాయి. కాబట్టి మనసు పడటం అన్నిచోట్లా ఉన్నదే. ఎవరి మీద పడాలి, ఎప్పుడు పడాలి, ఎక్కడ కూచుని ఆ మాట చెప్పుకోవాలి, ఇవే ఊరూరికీ మారతాయి. ఇవే సంస్కృతి చేతిలో ఉంటాయి.

మన దగ్గరే చూడండి. అదే మనసు, అదే వయసు. అబ్బాయి మేనబావ అయితే పెళ్ళిళ్ళలో అందరి ముందూ పరాచికాలాడొచ్చు, అత్తయ్యలే ఎగదోస్తారు, "ఏరా, మరదలికి పూలు తెచ్చావా" అంటారు. బావ కాకుండా పక్క పేట కుర్రాడైతే ఫోను లాగేసుకుంటారు, కాలేజీ మానిపిస్తారు. మేనరికంలో ముద్దుముచ్చట ఎంతుందో, పొలం గట్టు దాటిపోకూడదన్న లెక్క కూడా అంతుంది. డెల్టా భూమి అలాంటిది మరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి, కాలవ కింద ఎకరానికి విలువొచ్చాక ఆ గట్టు ఇంకా గట్టిపడింది.

ఆషాఢం సంగతి ఇంకా చిత్రంగా ఉంటాది. కొత్త పెళ్ళికూతుర్ని పుట్టింటికి పంపించేస్తారు. అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదంటారు, అల్లుడు అత్తారింటికి రాకూడదంటారు. ఎందుకండీ అనడిగితే ముసలమ్మలు చెప్పే కారణం ఒకటుంది. ఆషాఢంలో కడుపు నిలబడితే కాన్పు చైత్ర వైశాఖాల్లో, నడిఎండల్లో వస్తాదని. లెక్కేసుకోండి, సరిపోద్ది. ఇంకో కారణం రైతులు చెప్తారు. ఆషాఢానికి కాలవలకి నీళ్ళొస్తాయి, నారుమళ్ళు, దమ్ములు, నాట్లు, ఆ టైములో కొత్త పెళ్ళికొడుకు గదిలో కూచుంటే పనవదని. ఏది నిజమైనా గానీ, మన ఆచారం వెనకాల ఎండా, ఇంట్లో ఉక్కా, పొలంలో పనీ ఉన్నాయన్నమాట. భార్యాభర్తల దగ్గరితనానికి టైంటేబులు వేసింది వాతావరణం, దానికి పేరు పెట్టింది శాస్త్రం.

ఇక ఇళ్ళ సంగతి. మా జిల్లాల్లో మండువా లోగిళ్ళని ఇప్పుడు హోటళ్ళోళ్ళు, సినిమావాళ్ళు తెగ మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవాల్సిందే. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, నాలుగు పక్కలా లోపలికి వాలిన పెంకు కప్పు. మండువాలోంచి వేడిగాలి పైకి పోతుంటే అరుగు మీంచి, వసారాలోంచి కొత్తగాలి లోపలికి వచ్చేది. మూరెడు మందం గోడలు పగలంతా ఎండని ఆపేవి. ఒక్క యూనిట్ కరెంటు లేకుండా చల్లగా ఉండే ఇల్లది. కరెంటు ఆదా చేసే ఇల్లంటే అసలు ఉదాహరణ అదే, సందేహం లేదు.

కానీ ఆ ఇంట్లో మొగుడూపెళ్ళాం పగలు మాట్టాడుకునే చోటేది? మండువాలో నిలబడి దగ్గితే నాలుగు గదుల్లోనూ వినపడుద్ది. గాలి తిరగాలని తలుపులన్నీ ఎదురెదురుగా పెట్టారు, కాబట్టి చూపులూ తిరుగుతాయి. అరుగు మగాళ్ళది, వంటిల్లు ఆడాళ్ళది, మండువా పెద్దోళ్ళది. కొత్త జంటకి రాత్రి తలుపేసుకున్న గంటలే దక్కేవి, అదీ ఇల్లంతా సద్దుమణిగాక. గాలికి అంత బాగా కట్టిన ఇల్లు మనసుకి అంత ఇరుగ్గా కట్టారు. ఇది తిట్టడం కాదు, ఆ కాలం అవసరం అలాంటిది. వందమంది తినే ఉమ్మడి కుటుంబానికి జంట కన్నా వంశం ముఖ్యం. అంత ఇల్లు లేని కూలి కుటుంబాల్లో తాటాకిల్లు ఒకటే గది, అందులోనే అందరూ. తాటాకు చల్లగా ఉంటాది గానీ తడికకి చెవులుంటాయి.

అందుకేనేమో తెలుగు సినిమా ప్రేమని ఇంట్లోంచి తీసుకెళ్ళి గోదాట్లో పెట్టింది. 1964లో మూగమనసులు, 1973లో అందాల రాముడు, 2006లో గోదావరి. మూడు తరాలు, మూడూ నదీ పడవల కథలే. ఇంట్లో చోటు లేని మాట నీళ్ళ మీద చెప్పుకున్నారు. మనకి ఆ పడవ కొనే స్తోమత లేదు కాబట్టి డాబా ఎక్కాం.

అవును, డాబా. పెంకుటిళ్ళు పోయి స్లాబులొచ్చాక గోదారి జిల్లాల్లో ప్రేమకి దొరికిన చోటు అదే. పగలు ఆవకాయ ముక్కలు, వడియాలు, కొబ్బరి కురిడీలు ఆరబెట్టే చోటు. సాయంత్రం బట్టలు తియ్యడానికెళ్ళిన పిల్ల పది నిమిషాలు ఆలస్యంగా దిగుద్ది. సెల్లు వచ్చాక సిగ్నలు లేదన్న వంకతో ఎక్కేవాళ్ళు ఎక్కువయ్యారు. వేసవి రాత్రి మడత మంచాలేసుకుని అందరూ అక్కడే పడుకున్నా, కొత్త జంట ట్యాంకు చాటున ఓ గంట కూచుని కబుర్లు చెప్పుకుంటే ఎవరూ ఏమనరు. మండువాలో లేనిది డాబా ఇచ్చింది.

ఇప్పుడా డాబా మీదకి సోలార్ ప్యానెళ్ళు వస్తున్నాయి.

వద్దని చెప్పను. రావాలి. ఎందుకంటే మనకి కరెంటు ఎక్కణ్ణించి వస్తుందో డెల్టా వాళ్ళకి గుర్తుచెయ్యక్కర్లేదు. 1995 జనవరిలో పాసర్లపూడి బ్లోఔట్ మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలి, నిద్దట్లో ఉన్న జనం ఇళ్ళల్లోనే మాడిపోయారు. మన నేల కింద గ్యాసు తోడి ఎక్కడెక్కడి కరెంటుకో పంపిస్తుంటే, మన నెత్తి మీద ఎండ మాత్రం ఉత్తినే పోతుంది. డాబా మీద నాలుగు పలకలు పెట్టుకుని మన ఫ్యాను మనం తిప్పుకోవడం నా దృష్టిలో చిన్న న్యాయం.

లెక్కలు చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. ఇంటికి ఒక కిలోవాట్ ప్యానెళ్ళు పెడితే మన ఎండకి రోజుకి సుమారు 4 యూనిట్లు, నెలకి 120 దాకా తయారవుద్ది. దానికి నీడ పడని చోటు దగ్గర దగ్గర 100 చదరపు అడుగులు కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం కిలోవాట్‌కి 30 వేలు, రెండైతే 60 వేలు, మూడు ఆపైన ఎంతైనా 78 వేలు ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామనీ, బీసీలకి కేంద్రం డబ్బు మీద ఇంకొంత కలుపుతామనీ మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. పగలు తయారై మిగిలింది కరెంటు లైన్లోకి పోద్ది, రాత్రి మనం వాడింది లైన్లోంచి వస్తాది, రెండువైపులా తిరిగే మీటరు తేడా చూపిస్తాది. డబ్బాలో ధాన్యం పోసి, కావలసినప్పుడు కొలుచుకుని తీసుకున్నట్టు.

ఎవరికి లాభం అనేది శ్లాబుల్లో ఉంది. 2022లో తెచ్చిన రేట్లు ఇవి. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకి 60 యూనిట్లు వాడే ఇంటికి ఈ లెక్కన 147 రూపాయలు. వాళ్ళు అప్పు చేసి సోలార్ పెట్టుకుంటే ఏం మిగలదు, ఉచితంగా ఇస్తేనే అర్థం. నేను చెప్పిన ఆ ఆరుగురి ఇంట్లో వేసవిలో 240 యూనిట్లు కాలుతుంది. అంటే 1,148 రూపాయలు. ఫిక్స్‌డు ఛార్జీలూ, ట్రూఅప్పనీ సర్దుబాటనీ తగిలించేవీ వేరు, వాటి మీద ఇంకో వ్యాసం రాయాలి.

ఇప్పుడు కొడుకూ కోడలి గదిలో రెండో ఏసీ పెట్టారనుకోండి. రాత్రికి 8 యూనిట్లు వేసుకుంటే నెలకి ఇంకో 240. మొత్తం 480. బిల్లు 3,328. అంటే ఆ గది తలుపు వేసుకోవడానికి వేసవిలో నెలకి 2,180 రూపాయలు. కొత్త జంట ఏకాంతానికి మన శ్లాబులు కట్టిన ధర అది. బంగారం కొట్లో పని చేసే ఆ కుర్రాడు ఇవ్వలేడు. అదే డాబా మీద 2 కిలోవాట్లు ఉంటే నెలకి 240 యూనిట్లు తిరిగొస్తాయి. రెండు గదులూ చల్లబడ్డా పాత బిల్లే. కరపత్రంలో నేను చెప్పాల్సింది ఈ ముక్క.

కానీ ఆగండి, ఏసీ కన్నా ముందు సున్నం ఉంది. స్లాబు పగలంతా ఎండని తాగి, రాత్రి మనం పడుకున్నాక కక్కుతాది. అందుకే బయట చల్లబడ్డా లోపల ఉడుకు. పైన తెల్లగా సున్నమో, ఎండని వెనక్కి కొట్టే తెల్ల రంగో వేస్తే అది తాగే వేడే తగ్గుద్ది. తెలంగాణ 2023లో ఇలాంటి చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మన డెల్టాలో ఎండతో పాటు ఉక్కపోత కూడా ఉంది కాబట్టి అది మనకే ఎక్కువ కావాలి. పడమటి గోడకి నీడ ఇంకోటి. వాస్తు ప్రకారం నైరుతి మూల యజమాని పడగ్గది అంటారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ కొట్టేది ఆ మూలకే. అడుగున్నర గోడల రోజుల్లో సరిపోయింది గానీ తొమ్మిదంగుళాల గోడకి అది పొయ్యిగడ్డ. అక్కడ ఒక వేపచెట్టో, తీగ పందిరో ఉంటే వాస్తుకీ కోపం రాదు, మనకీ నిద్రపడుద్ది.

ఫ్యాన్లు కూడా చూసుకోండి. పాత ఫ్యాను 75 వాట్లు తింటాది, కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుద్ది. రోజుకి 15 గంటలు తిరిగే ఇంట్లో ఫ్యానుకి నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లంటే 60. అంటే అర కిలోవాట్ ప్యానెల్ పెట్టినట్టే, డాబా మీద చోటు తినకుండా. ప్యానెళ్ళ వల్ల ఇంకో మేలు, వాటి కింద స్లాబుకి ఎండ తగలదు, ఆ మేరకి కింది గది చల్లబడుద్ది. అందుకే పెట్టేటప్పుడు ఏ గది మీద పెడుతున్నామో చూసుకోవాలి. దక్షిణం వైపు వాలి, నీడ పడకుండా ఉంటే చాలు. ఆ రెండూ కుదిరితే కొత్త జంట గది మీదే పెట్టమని అడగొచ్చు. మేస్త్రీకి తెలియదు కదా ఏ గదిలో ఎవరుంటారో.

కోనసీమ వాళ్ళకి ఒక మాట. కొబ్బరాకు నీడ ఒక్క పలక మీద పడినా, దాంతో కలిపి కట్టిన మిగతా పలకలు కూడా తగ్గిపోతాయి. అందుకని చెట్టు కొట్టేద్దామంటారు. కొట్టకండి. ఆ చెట్టు నీడే మీ గోడకి ఏసీ. నీడ పడని మూలకి పలకలు జరపండి, లేదా ఒక కిలోవాట్ తగ్గించుకోండి. 1996 నవంబరు 6 తుపానుకి కొబ్బరిచెట్లు ఎలా విరిగిపడ్డాయో చూసిన ఊళ్ళకి గాలి సంగతి చెప్పక్కర్లేదు, కాబట్టి స్టాండు బోల్టులు స్లాబులో ఎంత లోపలికి దిగాయో దగ్గరుండి చూసుకోండి. ఇంకొకటి, చాలామందికి చెప్పరు. మామూలుగా పెట్టే సోలార్‌కి బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే అదీ ఆగిపోద్ది, లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా అలా చేశారు. తుపాను రాత్రి సోలార్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

మళ్ళీ డాబాకి వస్తాను. స్టాండు ఎత్తు తక్కువ పెడితే ఖర్చు తక్కువ, గాలి దెబ్బా తక్కువ. కానీ మోకాళ్ళ ఎత్తున పలకలు పరిస్తే డాబా పోయినట్టే. వడియాలు లేవు, మడత మంచం లేదు, ట్యాంకు చాటు లేదు. తలకి తగలనంత ఎత్తున పెడితే కింద నీడ పందిరి అవుద్ది, సాయంత్రం కూచోవచ్చు. ఇనుము ఎక్కువ పడుద్ది, డబ్బు ఎక్కువవుద్ది, గాలికి ఆగాలంటే పునాది దిమ్మలు గట్టిగా పొయ్యాలి. ఎవరి స్తోమత వాళ్ళది. నేననేది ఒకటే, ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు డాబా ఎక్కువ వాడేదెవరో వాళ్ళని అడగాలి. నేను చూసిన చాలా ఇళ్ళల్లో కంపెనీ కుర్రాడితో మాట్టాడేది ఇంటాయనే. ఆయన డాబా ఎక్కి నెలలవుద్ది.

చిన్న ఇళ్ళ కాలనీల్లో ఇది ఇంకా కష్టం. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి పంచిన పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 435 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు, ఒక హాలు, ఒక పడగ్గది, వంటిల్లు. ఆ ఇంట్లో కొడుక్కి పెళ్ళైతే దారి ఒకటే, డాబా మీద రేకుల గది. అదే డాబా మీద 2 కిలోవాట్లకి 200 అడుగులు కావాలి. గదా, పలకలా? రెండూ కుదరవు. రేకుల గది మే నెలలో కొలిమి, అక్కడ కొత్త జంటని పెట్టడం కన్నా పెద్ద శిక్ష ఏముంటాది? కొంతమంది రేకుల బదులు గట్టి స్టాండు మీద ప్యానెళ్ళే కప్పుగా, కింద ఇంకో పొర వేసి గది కట్టుకోవచ్చా అనడుగుతున్నారు. చెయ్యొచ్చు, వాన కారకుండా చేసే పనోడు దొరకాలి. ఇలాంటి నమూనా ఒకటి ప్రభుత్వమే గీయించి ఇస్తే ఎంత బావుండేది! 2018లో కేంద్రం ఇళ్ళ కోసం ఈకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చింది, గోడలెలా ఉండాలి, కిటికీలెంత ఉండాలి అని. 340 అడుగుల ఇంట్లో కొత్త కోడలు ఎక్కడ పడుకోవాలో అందులో లేదు.

ఆ కాలనీల్లో ఒక మంచి సంగతుంది. పట్టాలు ఆడాళ్ళ పేర ఇచ్చారు. సోలార్ దరఖాస్తు మీటరు ఎవరి పేరుంటే వాళ్ళ పేరే, సబ్సిడీ వాళ్ళ ఖాతాలోకే. పాత ఊళ్ళో అయితే మీటరు చనిపోయిన తాత పేర ఉంటాది, అది మార్చుకోడానికే కరెంటాఫీసు చుట్టూ తిరగాలి. ఆడమనిషి సంతకంతో ఇంటి మీదకి కరెంటు దిగితే, ఏసీ ఏ గదిలో పెట్టాలన్న మాటలో ఆవిడకి బలం వస్తాది. అత్తగారికి ముందు వస్తాది, కోడలికి తర్వాత. అదీ ఒప్పుకుంటాను. వంటింటి సంగతి కూడా అక్కడే తేలుద్ది. గ్యాసు మంట ఆరిపోద్దని ఫ్యాను వెయ్యని గది ఇంట్లో అదొక్కటే. పొగ లాగే ఫ్యానూ, పగటి ఎండ కరెంటుతో నడిచే ఇండక్షన్ పొయ్యీ పెడితే ఆవిడ చెమట సగం తగ్గుద్ది. రోజంతా ఉడికిపోయి వచ్చిన మనిషితో రాత్రి ప్రేమగా మాట్టాడమంటే ఎలాగండీ?

సొంత కప్పే లేనివాళ్ళ మాట చెప్పకుండా వదిలెయ్యను. కులం దాటి ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాళ్ళు. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు కాపురం ఉండాలి, ఆ తర్వాత అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు నోటీసు గోడ మీద ఉండాలి. అంటే ప్రేమకి ముందు చిరునామా కావాలి. ఇల్లు అద్దెకి అడిగితే మొదటి ప్రశ్న "మీరేమిట్లండీ?" ఇద్దరూ రెండు జవాబులు చెప్తే ఇల్లు ఖాళీ లేదంటారు. దొరికేది పై అంతస్తులో ఉత్త స్లాబు కింద ఒంటి గది. వేడి వాళ్ళది, డాబా ఓనరుది, సబ్సిడీ కూడా ఓనరుదే. సూర్యఘర్‌కి సొంత ఇల్లూ సొంత కప్పూ ఉండాలి మరి.

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. అది ప్రేమ పెళ్ళి కాదు, పెళ్ళికూతురు చిన్నపిల్ల. కానీ ఆ పెళ్ళి తర్వాత జరిగింది చూడండి. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గారు గోదారికెళ్ళి తానే నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆ రోజుల్లో వెలేసిన జంటలకి వాళ్ళిద్దరూ ఇచ్చింది ఉపన్యాసమే కాదు, కప్పూ నీళ్ళూ అన్నమూ. కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బిచ్చి ఆదుకున్నారు. సంస్కరణంటే ఆ జంట ఎక్కడ పడుకుంటాది, ఏం తింటాది అన్న పని అని వాళ్ళకి తెలుసు. ఇప్పుడు మనకి దండలు మార్పించే సంఘాలున్నాయి, నేనూ వాటిల్లో తిరిగాను. దండలు మార్చాక ఆ పిల్లలు ఏ ఇంట్లోకెళ్ళారో చాలాసార్లు కనుక్కోలేదు.

ఢిల్లీలో 2019లోనే ఒక పద్ధతికి మార్గదర్శకాలిచ్చారు. ఒకచోట పెద్ద సోలార్ ప్లాంటు పెట్టి, అందులో వాటా ఉన్నవాళ్ళ బిల్లుల్లో ఆ యూనిట్లు తగ్గించడం. సొంత కప్పు అక్కర్లేదు. మన డెల్టాలో పంచాయతీ చెరువు గట్లున్నాయి, మార్కెట్ యార్డు గోడౌన్లున్నాయి, బడి స్లాబులున్నాయి. అక్కడ పెట్టి, అద్దె ఇళ్ళవాళ్ళకి, ఒంటరి ఆడాళ్ళకి, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన జంటలకి వాటా ఇవ్వమని అడగాలి. గ్రామసభలో ఈ మాట ఎత్తితే నవ్వుతారు. నా మొహం మీద ఒకసారి నవ్వారు కూడా. నవ్వినా తీర్మానం రాయమని పట్టుబట్టొచ్చు.

మొన్న దసరాలకి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. దరఖాస్తు పెట్టారట, మీటరు మావగారి పేరే. కంపెనీ కుర్రాడు డాబా కొలుస్తున్నాడు, ఇంటాయన కింద నుంచే "మొత్తం పరిచెయ్ బాబూ, ఖాళీ ఎందుకూ" అంటున్నారు. అత్తగారు ఏమనలేదు గానీ కోడలి వంక చూశారు. ఆ అమ్మాయి ఈసారి తల దించలేదు. "మావయ్యగారూ, ట్యాంకు పక్కన ఆరడుగులు వదలమనండి. బట్టలారేసుకోవాలి" అంది. కొడుకు ఫోను జేబులో పెట్టేసుకుని టేపు రెండో కొస పట్టుకోడానికి మెట్లెక్కాడు.